పాత కంప్యూటరుకు కొత్త శిరస్తేదారు

మన చింతామణిలోను, చుట్టుపట్ల కైవారం, బాగేపల్లి, శిడ్లఘట్ట ప్రాంతాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, పిల్లల చదువుకని పదీ పన్నెండేళ్ళ కిందట కంప్యూటరు కొన్న ఇళ్ళు చాలా ఉన్నవి. టమాటాకు ధర బాగా పలికిన ఏడు ఒకరు కొన్నారు. పట్టుగూళ్ళ డబ్బు చేతికందినప్పుడు ఒకరు కొన్నారు. మావంటి గుమాస్తాలు కంతుల మీద కొన్నారు. ఆ కంప్యూటర్లు నేటికీ పనిచేస్తూనే ఉన్నవి. కాని వాటికి ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది.

వీటిలో చాలావాటిలో ఉన్నది విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్. దీనికి మామూలుగా ఇస్తూ వచ్చిన భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసింది. పేరు నమోదు చేసుకొన్న ఇంటివారికి మాత్రం 2026 అక్టోబరు 13 దాకా ఒక ఏడాది గడువు ప్రకటించింది. పోనీ తరువాతిదైన విండోస్ 11 వేసుకొందామా అంటే, అందుకు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు ఉండి తీరాలన్నది నిబంధన. సుమారు 2018కి ముందు కొన్న యంత్రాలలో అనేకం ఆ పరీక్షకు నిలువవు. యంత్రంలో లోపమేమీ లేదు. కూర్చున్న చోటనే దానికి వయసు మీరిపోయింది.

ఇప్పుడు మన ముందు మూడు దారులు ఉన్నవి. ఒకటి, ఉన్నదానితోనే కాలం వెళ్ళదీయడం. బ్యాంకు పనులు, ఆధారు, పిల్లల పరీక్ష ఫలితాలు అన్నీ అందులోనే చూసుకొనే ఇంట, తలుపుకు గొళ్ళెం లేకుండా నిద్రపోవడం వంటిది ఇది. రెండవది, ముప్పై నలభై వేలు పోసి కొత్త కంప్యూటరు కొనడం. మూడవది, యంత్రాన్ని అట్లాగే ఉంచి, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుకోవడం. ఈ మూడవ దారిని గూర్చి మన చదువరులలో పలువురు అడుగుతూ ఉన్నందున, మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తాము.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

తాలూకా కచేరీకి వెళ్ళినవారికి శిరస్తేదారును గూర్చి చెప్పనక్కరలేదు. వచ్చిన అర్జీ ఏ బల్లకు పోవాలో, ఏ ఫైలు ఏ బీరువాలో ఉన్నదో, ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని బయటనే నిలపాలో చూసేది ఆయనే. ఆయన లేకుంటే మేజాలు, బీరువాలు, గుమాస్తాలు అందరూ ఉండి కూడా పని ముందుకు సాగదు. కంప్యూటరులో ఆ ఉద్యోగం చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. మీటను నొక్కితే అక్షరం తెరమీదికి రావడం, ఫోటో డిస్కులో దాగడం, కాగితం ప్రింటరుకు పోవడం, రెండు పనులు ఒకేసారి వచ్చినప్పుడు వంతులు వేయడం, ఇవన్నీ దాని బాధ్యతలు. విండోస్ అటువంటి శిరస్తేదారు. లినక్సు మరొక శిరస్తేదారు. కచేరీ కట్టడం మారదు, అధికారి మాత్రమే మారుతాడు.

అయితే ఈ ఇద్దరికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. విండోస్ లోపల ఏమి వ్రాసి ఉన్నదో దానిని తయారుచేసిన కంపెనీకి తప్ప ఇతరులకు తెలియదు. లినక్సు లోపలి వ్రాత అంతా బహిరంగం. చదవడం వచ్చినవాడు ఎవడైనా తీసి చదువుకోవచ్చు. ఎద్దుల బండి ఇరుసు విరిగితే మన ఊరి వడ్రంగి చూసి బాగుచేయగలడు, ఎందుకంటే బండిలో దాచిన భాగమేదీ లేదు. సీలువేసిన పెట్టె చెడితే మాత్రం, చేసినవాడు దయతలచే దాకా మనం కాచుకొని ఉండవలసిందే. అటువంటి తెరచిన బండి వంటి సాఫ్ట్‌వేరునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అంటున్నారు.

దీని కథ

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు 1983 సెప్టెంబరులో, ఎవరైనా వాడుకొని, చదువుకొని, దిద్దుకొని, పదిమందికి పంచిపెట్టుకోగల ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేయబోతున్నట్లు ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. చాలా భాగాలు సిద్ధమయినవి కాని, యంత్రంతో నేరుగా మాట్లాడే గర్భభాగం ఒకటి కొదువపడింది. ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టు 25న తాను అటువంటి పని ఒకటి సరదాకు చేస్తున్నానని లోకానికి తెలియజేశాడు. మరుసటి ఏడు, 1992లో, దానిని గ్నూ వారి షరతుల కిందనే విడుదల చేశాడు. ఆ రెండూ కలిసినదే నేడు మనం వాడుకలో లినక్సు అంటున్న సిస్టమ్. పేరులో గ్నూ కూడా చేర్చి గ్నూ-లినక్సు అనాలని పట్టుపట్టేవారూ ఉన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు.

ఇంగ్లీషులో దీనిని ఫ్రీ సాఫ్ట్‌వేరు అంటారు. ఆ భాషలో ఫ్రీ అన్న ఒక్క మాటకే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉన్నందున అక్కడివారికి ఎప్పుడూ వివరించుకోవలసి వస్తుంది. మనకా బాధ లేదు. తెలుగులో రెండు మాటలు వేరువేరుగా ఉన్నవి. హైదరాబాదు కేంద్రంగా ఈ ఉద్యమాన్ని నడిపిస్తున్న తెలుగువారు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకొన్నారు. తెలుగులో కనిపించే ఒక లినక్సు సిస్టమ్‌ను కూడా అదే పేరుతో తయారుచేశారు. డబ్బు పుచ్చుకోకపోవడం ఇందులో అసలు విషయం కాదు. మన ఇంట్లోని యంత్రం మీద మన మాట చెల్లడమే అసలు విషయం.

ఊరికే వచ్చినదానికి విలువ ఉంటుందా?

ఈ ప్రశ్న పెద్దలు తప్పక అడుగుతారు. అడగవలసిందే. మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోను గర్భంలో ఉన్నది లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టీలో 2017 నవంబరు నాటికి ప్రతి ఒక్కటీ లినక్సుతోనే నడుస్తున్నది. పెద్ద పెద్ద కంపెనీలు తమ సొంత అవసరం కొద్దీ దీనికి జీతమిచ్చి మనుషులను పెట్టి పనిచేయిస్తున్నవి. అందరూ కలిసి తవ్విన ఊరబావి వంటిది ఇది. ధనవంతుడు పూడిక తీయించినా, ఆ నీళ్ళు పేదవాని కడవకూ అందుతవి.

మన పొరుగున కేరళ రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ళ తరబడి లినక్సు మీదనే కంప్యూటరు నేర్చుకొంటున్నారు. 2001 ప్రాంతంలో మొదలయిన అక్కడి పాఠశాలల కంప్యూటరు విద్యా పథకం నేడు కైట్ అనే సంస్థగా మారి, తన బడుల కొరకు ప్రత్యేకంగా ఒక సిస్టమ్‌ను కూర్చి ఇస్తున్నది. కేంద్ర ప్రభుత్వానికి చెందిన సి-డాక్ సంస్థ 2007లో 'బాస్' అనే లినక్సును విడుదల చేసింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అన్నదానికి అది పొట్టిపేరు. తెలుగు, కన్నడలతో సహా మన దేశభాషలు అనేకం అందులో ఉన్నవి. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యం ఇవ్వాలని విధానమే ప్రకటించింది. కనుక ఇది ఎవరో నలుగురు కుర్రవాళ్ళ సరదా అనుకోవలసిన పనిలేదు.

మన అక్షరాల సంగతి

మన వంటి కుటుంబాలకు డబ్బు ఆదా కంటె ముఖ్యమైన విషయం ఇది అని మా అభిప్రాయం. మనం ఇంట్లో తెలుగు మాట్లాడుతాము. పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. మన భాష వారి నోట ఉన్నది గాని కంటికి కనబడదు. కైవారం తాతయ్యగారి తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడుకొనేవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. అది తప్పని మేము అనము. పాట నిలిచింది, అదే పదివేలు. కాని తెలుగు లిపిని కూడా పిల్లల కంటికి రోజూ చూపించే సాధనం ఇంట్లోనే ఉండగా, దానిని వాడుకోకపోవడం ఎందుకు?

లినక్సులో ఒక సౌకర్యం ఉన్నది. ఒకే కంప్యూటరులో ఇంటిలోని ప్రతివారికీ వేరువేరు ఖాతా తెరచి, ఎవరి భాష వారికి పెట్టవచ్చు. తాతగారు తన పేరుతో ప్రవేశిస్తే మెనూలు తెలుగులో, మనుమరాలు ప్రవేశిస్తే కన్నడంలో, కొడుకు ప్రవేశిస్తే ఇంగ్లీషులో కనబడతవి. అదనంగా పైకం చెల్లించనక్కరలేదు. అనువాదం అన్నిచోట్లా సంపూర్ణం కాదన్నది నిజమే. అక్కడక్కడ ఇంగ్లీషు మాటలు తొంగిచూస్తవి. ఇంతవరకైనా జరిగినది, జీతం బత్తెం లేక కూర్చుని మాటలు ఒక్కొక్కటే తెలుగు చేసిన స్వచ్ఛంద సేవకుల వల్లనే.

ఇక వ్రాత సంగతి. బెంగళూరులోని కన్నడ గణక పరిషత్తు ప్రచారం చేసిన కీబోర్డు అమరిక మన కచేరీలలోని గుమాస్తాలకు సుపరిచితం. దానికి మూలం కె. పి. రావుగారు రూపొందించిన అమరిక. పరిషత్తు పేరులోని మొదటి అక్షరాలను కలిపి 'కగప' అని దానిని లినక్సులో చేర్చారు. విశేషమేమంటే, కన్నడానికే గాక తెలుగుకు కూడా అదే అమరికను చేర్చి పెట్టారు. 'పక్క' అన్న మాట రెండు భాషలలోనూ ఉన్నది కదా. కన్నడంలో దానిని పి, కె, ఎఫ్, కె అనే మీటలతో కొట్టే గుమాస్తా, భాష మార్చుకొని అవే మీటలు కొడితే తెలుగు 'పక్క' వస్తుంది. వేళ్ళకు కొత్త పాఠం నేర్పనక్కరలేదు. భారత ప్రభుత్వం వారి ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చినవారికీ ఇదే లాభం. అందులోనూ రెండు భాషల ఒకే ధ్వనికి ఒకే మీట. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసేవారికి ఆర్.టి.ఎస్. అనే పద్ధతి ఉన్నది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు రూపొందించిన పద్ధతి అది.

ఈ సామీప్యం అంతటితో ఆగలేదు. ప్రపంచ భాషలన్నిటికీ అంకెలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చారు. దాని వెంటనే 3200 నుండి 3327 వరకు ఉన్నది కన్నడం. తెలుగు 'క' 3093 అయితే కన్నడ 'క' 3221. సరిగా 128 తేడా. తక్కిన అక్షరాలు కూడా చాలావరకు అంతే. కన్నడ లిపిలో ఉన్న తాతయ్యగారి తెలుగు కీర్తనను తెలుగు లిపిలోకి మార్చాలంటే, యంత్రానికి అది చిన్న కూడికలు తీసివేతల లెక్క. ఆ పని చేసిపెట్టే 'అక్షరముఖ' అనే ఉచిత సాధనం కూడా ఉన్నది. మన రెండు లిపులు వీధిలోనే గాక పట్టికలో కూడా ఇరుగు పొరుగులుగానే ఉన్నవి.

అక్షర రూపాల కొరత కూడా ఇప్పుడు లేదు. దేశికాచారిగారు తీర్చిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ కంపెనీవారి లోహిత్ ఫాంటు, సిలికానాంధ్ర వారు వెలువరించిన గిడుగు, గురజాడ, సూరన్న, తిమ్మన మొదలైనవి అన్నీ స్వేచ్ఛగా వాడుకోదగినవే.

ఒక ఇంటి అనుభవం

మా బంధువులలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. అందరూ అయ్యవారు అంటారు. ఆయన ఇంట 2013లో కొన్న కంప్యూటరు, 4 జీబీ ర్యామ్‌ది, తెరుచుకోవడానికే పది నిమిషాలు తీసుకొనేది. పాత హార్డ్ డిస్కు తీసివేసి ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కు వేయించి, లినక్సు మింట్ అనేదాన్ని ఎక్కించాము. ఇప్పుడు నిమిషంలోపే తెరుచుకొంటున్నది. అయ్యవారి ఖాతాను తెలుగులో పెట్టి ఆయనను కూర్చోబెట్టినాము. తెరమీద తెలుగు చూసి, "ఏమప్పా, ఇదంతా ఈ పెట్టెలోనే ఉండిందా ఇన్నాళ్ళూ?" అన్నారు. పక్కన నిలుచున్న ఏడవ తరగతి మనుమరాలు, "తాతా, ఈ 'ప' మా కన్నడ 'ప' మాదిరే ఉంది గదా, తలకట్టు ఒకటే వేరే" అన్నది. తరువాత రెండు వారాలలో ఆ బిడ్డ అడిగి అడిగి తలకట్టులన్నీ గుర్తుపట్టింది. ఒక కంప్యూటరు తెలుగు నేర్పిందని మేము చెప్పడం లేదు. తాత నేర్పినాడు, యంత్రం పలక అయింది.

అన్నీ సుఖంగా జరిగినవని కూడా చెప్పము. ఆ ఇంటి పాత ప్రింటరు ఎంత చేసినా లినక్సుతో పలుకలేదు. దానిని తయారుచేసినవారు ఇందుకు తగిన డ్రైవరు సరిగా ఇవ్వలేదు. అయ్యవారు ఇప్పుడు కాగితం కావలసి వస్తే పెన్ డ్రైవులో వేసుకొని బస్టాండు దగ్గరి జిరాక్సు అంగడికి వెళుతున్నారు.

ఏది ఎంచుకోవాలి?

లినక్సు ఒకటే అయినా దానిని తెచ్చి కూర్చి ఇచ్చేవారు అనేకులు. ఒకే బియ్యంతో ఇంటింటా వేరు వంట వండినట్లు. వందల రకాల పేర్లు వినబడితే భయపడనక్కరలేదు. ఇంటివాడుకకు నాలుగైదు తెలిస్తే చాలును.

లినక్సు మింట్: 2006లో మొదలయినది. విండోస్‌కు అలవాటుపడినవారికి మొదటి రోజునే చేయి తిరుగుతుంది. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు కావాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. ఇందులో సినమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ అని మూడు రూపాలు ఉన్నవి. పాత యంత్రాలకు మూడవది తేలిక. 2024లో వెలువడిన 22వ వరుసకు 2029 దాకా భద్రతా సవరణలు ఉన్నవి.

ఉబుంటు: 2004 అక్టోబరులో మొదలయినది. దక్షిణాఫ్రికా వాడైన మార్క్ షటిల్‌వర్త్ స్థాపించినది. ఆ రోజులలో అడిగినవారికి సీడీలను టపాలో ఉచితంగా పంపేవారు. రెండేళ్ళకొకసారి ఏప్రిల్‌లో వచ్చే దీర్ఘకాల విడుదలకు అయిదేళ్ళ సవరణలు ఉంటవి. కొంచెం బలమైన యంత్రానికి తగినది. ఉబుంటు మీద ఆధారపడినదే పైన చెప్పిన మింట్.

డెబియన్: 1993 నాటిది, వీటన్నిటికీ తాతవంటిది. ఏ కంపెనీదీ కాదు, సేవకులు నడిపేది. నిదానమైనది, నమ్మదగినది. ఉబుంటు, బాస్, స్వేచ్ఛ అన్నిటికీ మూలం ఇదే. చాలా పాత 32-బిట్ యంత్రాలకు డెబియన్ 12 పనికివస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలను మాత్రం అటువంటి యంత్రాలలో కొత్తగా ఎక్కించడానికి వీలులేదు.

జోరిన్: ఐర్లండు నుండి వచ్చినది. చూడడానికి విండోస్ పోలికలు ఎక్కువ.

బాస్, స్వేచ్ఛ: మన దేశంవారు, మన భాషవారు కూర్చినవి. ఇవి ఉండడం మనకు గర్వకారణం. అయితే ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. పేరు మనది అని గాని, బొమ్మ బాగున్నదని గాని సిస్టమ్‌ను ఎంచుకోకూడదు. పెండ్లి సంబంధం చూసినట్లు మూడు ప్రశ్నలు అడగాలి. భద్రతా సవరణలు క్రమం తప్పకుండా ఎన్నేళ్ళు వస్తవి? మన యంత్రానికి దాని బరువు తగునా? చిక్కు వస్తే మన ఊళ్ళోనో, ఫోనులోనో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా? ఈ మూడిటికీ మంచి సమాధానం ఉన్నదే మంచి సిస్టమ్. తెలుగు మెనూలు, కీబోర్డులు, ఫాంట్లు మింట్‌లోనూ ఉబుంటులోనూ కూడా వేసుకోవచ్చును గనుక, ఏది తీసుకొన్నా మన భాషకు లోటు రాదు. మొత్తం మీద, 4 జీబీ ర్యామ్ ఉన్న పదేళ్ళ కంప్యూటరుకు మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ రూపంతో మొదలుపెట్టడం మేలని మా సలహా.

ఎవరు మారకూడదు?

అందరూ మారాలని చెప్పడం మంచి సలహా కాదు. ట్యాలీలో లెక్కలు పెట్టుకొని జి.ఎస్.టి. కట్టే వ్యాపారస్థులు మారవద్దు. ఆ ప్రోగ్రాము విండోస్ కొరకు వ్రాసినది. డిజిటల్ సంతకం తాళంతో కచేరీ పనులు చేసేవారు ముందుగా విచారించుకోవాలి. పేజ్‌మేకరులో, పాత ఫాంట్లలో పత్రికలు, శుభలేఖలు కూర్చేవారికి లినక్సులో స్క్రైబస్ ఉన్నది గాని, చేయి తిరగడానికి కాలం పడుతుంది. విండోస్ 11 చక్కగా నడుస్తున్న కొత్త కంప్యూటరు ఉన్నవారికి తొందర లేనే లేదు.

మిగిలినవారి పనులు చూడండి. ఉత్తరం వ్రాయడం, పహణి తీయడం, బ్యాంకు ఖాతా చూడడం, రైలు టిక్కెట్టు, విదేశాలలోని బిడ్డలతో ముఖాముఖి మాటలు, పాటలు, పాత సినిమాలు, పిల్లల పాఠాలు. వీటిలో అధికభాగం ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులో జరిగేవే. ఉత్తరాలకు, లెక్కల పట్టీలకు 2010లో మొదలయిన లిబ్రె ఆఫీసు ఉన్నది. దానికి తెలుగు రూపం కూడా ఉన్నది. వైరస్ బాధ లినక్సులో తక్కువ. తక్కువే గాని, లేదని కాదు. ఓ.టి.పి. అడిగేవానికి చెప్పేస్తే ఏ సిస్టమూ మన డబ్బును కాపాడలేదు.

మార్చే విధానం

మొదట ఫోటోలు, కాగితాలు, లెక్కలు అన్నీ వేరొక డిస్కులోకి నకలు తీసుకోవాలి. ఆ నకలును మరొక కంప్యూటరులో తెరచి చూసుకోవాలి. పాత దస్తావేజును రిజిస్ట్రారు కచేరీకి తీసుకుపోయే ముందు నకలు పెట్టుకోమా, ఇదీ అంతే. పెండ్లి ఫోటోలు పోతే ఏ శిరస్తేదారూ తెచ్చి ఇవ్వలేడు.

తరువాత మింట్ వారి ప్రతిని దించుకొని, 8 జీబీ పెన్ డ్రైవులో ఎక్కించాలి. కంప్యూటరును ఆ పెన్ డ్రైవుతో తెరిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే లినక్సు నడుస్తుంది. ఈ సదుపాయాన్ని లైవ్ అంటారు. ఇల్లు కొనకముందే నాలుగు రోజులు అద్దెకు ఉండి చూసినట్లు. అప్పుడు ఒక కాగితం మీద పట్టీ వ్రాసుకొని పరీక్షించాలి. వైఫై కలుస్తున్నదా? శబ్దం వినబడుతున్నదా? కెమెరా పనిచేస్తున్నదా? ప్రింటరు పలుకుతున్నదా? తెలుగు ఒత్తులు సరిగా వస్తున్నవా? బ్యాంకు పేజీ తెరుచుకొంటున్నదా? అన్నిటికీ అవునని వచ్చినప్పుడే డిస్కులో ఎక్కించాలి. ఒకటి రెండు కాదని వస్తే, వాటికి ఉపాయం తెలిసేదాకా ఆగాలి. స్థలం చాలినంత ఉంటే విండోస్‌ను పక్కనే ఉంచి రెండూ పెట్టుకోవచ్చును. ఎక్కించిన తరువాత భద్రతా సవరణలు వచ్చినప్పుడల్లా వేసుకోవడం మరువరాదు. అందుకొరకే కదా ఇంత శ్రమ.

మన సంఘం చేయదగిన పని

మన ఊళ్ళో కంప్యూటరు బాగుచేసే అంగళ్ళవారికి విండోస్ తెలిసినంతగా లినక్సు తెలియదు. వారి తప్పు కాదు, అడిగేవారు లేక నేర్వలేదు. కాబట్టి సంఘం తరఫున ఒక ఆదివారం పెట్టి, నేర్చిన నలుగురు పిల్లలను కూర్చోబెట్టి, పెన్ డ్రైవులు సిద్ధం చేసి, వచ్చినవారి యంత్రాలను ముందు లైవ్ పద్ధతిలో పరీక్షించి చూపించవచ్చును. ఆ రోజు ఏ కంప్యూటరులోనూ ఏమీ మార్చకుండా పంపివేయాలి. ఇంటికి పోయి ఆలోచించుకొని వచ్చినవారికే తరువాత ఎక్కించాలి.

ఇంకొకటి. సంఘం పాత సభ్యుల పట్టీలు, సమావేశాల తీర్మానాలు కొన్ని పాతకాలపు ఫాంట్లలో టైపు చేసి ఉన్నవి. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపం తొడిగినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గీతలుగా కనబడతవి. ఆ ఫాంట్లు, వాటిని నడిపే పాత యంత్రాలు మూలబడకముందే, వాటినన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఆ పని లినక్సులోనే చేయాలని లేదు, ఎందులో చేసినా సరే. కాని ఈ సంవత్సరమే చేయాలి. మన పెద్దలు ఈ నేల మీద తెలుగువారుగా కలిసి చేసిన పనుల లెక్క ఆ కాగితాలలో ఉన్నది. అవి చదవరానివి అయిపోతే, తాళం పోయిన ఇనుపపెట్టె ఇంట ఉన్నట్లే.

ఈ విషయమై అనుభవం ఉన్న చదువరులు, ముఖ్యంగా తమ ప్రింటరు ఏ సిస్టమ్‌తో పనిచేసినది, ఏది పనిచేయలేదు అన్న వివరాలను సంపాదకులకు ఒక కార్డు ముక్క మీద వ్రాసి పంపితే, రాబోయే సంచికలలో వాటిని క్రోడీకరించి ప్రకటించడానికి మేము సిద్ధంగా ఉన్నాము. ఒకరికి తెలిసిన ఉపాయం పదిమందికి ఉపయోగపడుతుంది.